పెళ్లికూతుళ్ల మూల

బుఖారాలో టోపీల బజారు గుమ్మటం కింద నా దుకాణం. పాత కుట్టుపని బట్టలు కొంటాను, అమ్ముతాను. ఈ వ్యాపారంలో మొదట నేర్చుకోవలసింది ఒకటే: సరుకు మరీ పాతదై ఉండకూడదు. యాభై ఏళ్లు దాటిన బట్ట దేశం దాటకూడదు. అందుచేత ముత్తవ్వ నాటి బట్ట తెచ్చినవాణ్ణి చూసి మేం పెదవి విరుస్తాం. అమ్మ నాటి బట్ట తెచ్చినవాడికి టీలో పటికబెల్లం వేసి ఇస్తాం. సర్కారు నిపుణుడు అద్దాలు పెట్టుకుని చూసి "ఇది జాతి సంపద" అన్నాడంటే ఆ బట్ట ధర అక్కడికక్కడే పడిపోయినట్టు. "ఇది మామూలు ఇంటి గుడ్డ" అని ముద్ర వేశాడంటే మాకు పండగ. విలువ లేదని కాగితం ఉంటేనే విలువ. ఈ తిరకాసు లెక్క నాకు బాగా అలవాటు. దీని మీదే ఇంటి పైకప్పు మార్చాను, దీని మీదే పిల్లల్ని చదివించాను.

ఆ లెక్క సలామత్ పెద్దమ్మ సూజనీ దగ్గర తప్పింది. ఎక్కడ తప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు.

సూజనీ అంటే పెళ్లిలో వధూవరుల తలల మీద నలుగురు నాలుగు కొసలు పట్టి ఎత్తే పెద్ద బట్ట. ఏ ఇంటి సూజనీ ఆ ఇంటికి ఉంటుంది. మా వీధిలో మాత్రం అందరికీ ఒక్కటే, సలామత్ పెద్దమ్మది. ఎవరింట్లో పెళ్లయినా ఆమె పెట్టె తెరుచుకునేది. బట్ట నిండా దానిమ్మ పండంత ఎర్రటి చక్రాలు, వాటి చుట్టూ నల్లటి తీగ. కింద కుడి మూలన ఒక చక్రం మాత్రం కుట్టకుండా వదిలేశారు. పెళ్లయ్యే ప్రతి పిల్లా ఆ మూలన ఒక ఆకు కుట్టాలి. ఒకటే ఆకు. ఏ రంగైనా సరే, ఎలా వస్తే అలా. దాన్ని పెళ్లికూతుళ్ల మూల అనేవాళ్లు.

సలామత్ పెద్దమ్మకు పిల్లలు లేరు. భర్త పోయి చాలా కాలమైంది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న హజ్ జాబితాలో ఈ ఏడు ఆమె పేరు వచ్చింది. సూజనీని చంకన పెట్టుకుని నేరుగా నా దుకాణానికి వచ్చింది.

"కొనరా నేమత్," అంది.

"వీధి వాళ్లు ఏమంటారు పెద్దమ్మా?"

"వీధి వాళ్లు నన్ను మక్కాకి పంపుతారా? అడిగి చూడు, నేను ఇక్కడే కూచుంటాను."

"అది కాదు. అందరి పెళ్లిళ్లూ దీని కిందే..."

"అందరి పెళ్లిళ్లూ అయిపోయాయిగా? దాని పని అది చేసింది. ఇంక నా పని చెయ్యనీ. పెట్టెలో పెట్టి నేను పోతే ఎలకలు తింటాయి. నువ్వు తిన్నా ఎలకలు తిన్నా నాకొకటే, నువ్వు కనీసం డబ్బిస్తావు."

బేరం ఆడలేదు. మక్కాకి పోయే మనిషితో బేరం ఆడితే గుమ్మటం కింద తలెత్తుకోలేం. అడిగినంతా ఇచ్చేశాను. ఆ ఏడాది పట్టు కొనడానికని పక్కన పెట్టిన పెట్టుబడి మొత్తం ఆ మడతల్లోకి పోయింది. వెళ్తూ వెళ్తూ ఆమె ఒక్క మాట అంది: "నీ దగ్గరున్నన్నాళ్లూ పెళ్లికెవరైనా అడిగితే ఇవ్వు."

ఇస్తానన్నాను. నా దగ్గర ఎన్నాళ్లో ఉండదని నా ధైర్యం.

ఎందుకంటే కొనేవాడు నా కళ్ల ముందే ఉన్నాడు. తెవ్ఫీక్ అని ఇస్తాంబుల్ వర్తకుడు, వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి వస్తాడు. బట్టను గోడకు వేలాడదీశాను. వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు, ముందుకొచ్చి అంచు తిప్పి చూశాడు, వాసన చూశాడు.

"నేమత్, ఇది బట్ట కాదు, తోట. మరి తోటలో ఈ మూల ఎవరు ఉమ్మేశారు?"

"అది పెళ్లికూతుళ్ల..." అని మొదలుపెట్టి ఆపేశాను. కొనేవాడికి కథ చెబితే ధర తగ్గించమంటాడని నా అనుభవం. కథ చెప్పేది సరుకులో లోపం ఉన్నప్పుడే కదా.

"గులాబీ రంగు నైలాను, పచ్చ ఊలు, ఇదేదో బూటు లేసు," అని వేలితో ఒక్కొక్కటే పొడిచాడు. "మూల ఖాళీగా ఉన్నా బాగుంటుంది, నిండుగా ఉన్నా బాగుంటుంది. ఈ పేలికల సంత మాత్రం బాగోదు. శుభ్రం చేయించి పెట్టు, ఇలా ఉంటే ఇచ్చేదానికి రెండింతలిస్తాను."

నేను లెక్క వేశాను. ఆకులు విప్పితే రెండు లాభాలు. ఒకటి తెవ్ఫీక్ ధర. రెండోది నిపుణుడి కాగితం. ఆ ఆకుల్లో కొన్ని వెలిసిపోయాయి, కొన్ని సగం వెలిశాయి, కొన్ని నిన్న కుట్టినట్టున్నాయి. చూసినవాడికి ఇది ఎన్ని పెళ్లిళ్లు చూసిందో, ఎంత కాలంగా వాడుకలో ఉందో ఇట్టే తెలిసిపోతుంది. మిగతాదంతా పక్కా రంగుల పట్టు, పైగా ఎప్పుడూ పెట్టెలోనే ఉండటంతో రంగు దిగలేదు. ఆకులు లేకపోతే నలభై ఏళ్ల బట్ట అని ఎవడైనా నమ్ముతాడు. నష్టం పక్కన రాయడానికి నాకేమీ కనబడలేదు. దారం దారమే కదా అనుకున్నాను.

బట్టలు బాగుచేసే ఖాసియత్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఆకుల మీద చెయ్యి పెట్టి నా మొహం చూసింది.

"ఇంట్లో చెప్పావా అన్నా?"

"దారం సంగతి కూడా ఇంట్లో చెప్పాలా?"

"నాకేం, విప్పమంటే విప్పుతాను. దారాలు మాత్రం పారెయ్యను. దారం పారేస్తే మా అమ్మ చెయ్యి విరగ్గొట్టేది." విప్పిన దారాలన్నీ ఒక జామ్ సీసాలో వేసి, మూత పెట్టి, బట్టతో పాటు నాకిచ్చింది.

బట్ట చంకన పెట్టుకుని నిపుణుల కార్యాలయానికి వెళ్లాను. అక్కడ ఇస్మత్ సాయిదోవిచ్ గారు. మంచి మనిషి, లంచం తీసుకోడు, దాంతో ఎవరికీ ఆయనతో ఏం మాట్లాడాలో తెలియదు. బల్ల మీద బట్ట పరిచి, దీపం దగ్గరికి లాగి, చక్రాలన్నీ దాటుకుంటూ కింద కుడి మూలకొచ్చి ఆగిపోయాడు.

"నేమత్ గారూ, ఇది ఎక్కడిది?"

"మా వీధిదే సార్. ఇంట్లో వాడుకునే గుడ్డ. నలభై ఏళ్లుంటాయేమో."

"ఇటు చూడండి."

చూశాను. ఆకులు విప్పిన చోట బట్ట మీద సిరా గీతలున్నాయి. చక్రం, చక్రంలో చక్రం, మధ్యలో బాదం గింజ. కుట్టడానికి ముందు ముగ్గుగీతలు గీసేవాళ్ల చేతిపని. ఇన్నాళ్లూ ఆకుల కింద దాక్కుని సిరా నల్లగా నిగనిగలాడుతోంది.

"ఈ గీత గీసే చేతులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మన ఊళ్లో లేవు," అన్నాడాయన, మసీదులో మాట్లాడినట్టు గొంతు తగ్గించి. "మిగతా అన్ని సూజనీల్లో గీత కుట్ల కింద మూసుకుపోయింది. ఇక్కడ తెరిచి ఉంది. ఇది జాతి సంపద."

నా పెట్టుబడి నా కళ్ల ముందే మునిగింది.

టీ తెప్పించాడు. తాగుతూ మాటవరసకి అన్నాడు: "విచిత్రం చూడండి. ఈ మూల ఎవరైనా తోచినట్టు కుట్టేసి ఉంటే నాకీ గీత కనబడేది కాదు. పలుమార్లు మార్పులు చేసిన ఇంటి బట్ట అని రాసి ముద్ర వేసేవాణ్ణి."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "ఉన్నాయి సార్! కుట్లున్నాయి!"

"ఎక్కడ?"

"సీసాలో."

"బట్ట మీద ఉన్నది రాయగలను నేమత్ గారూ. సీసాలో ఉన్నది ఎలా రాయను?"

ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టాను. మర్నాడు పొద్దున నా భార్య మస్తూరా చిమ్మటలు పడతాయని ఎండలో పరిచింది. నేను రొట్టె తుంచుకుంటున్నాను. చాలాసేపు ఆమె మాట వినబడలేదు. మస్తూరా మాట వినబడలేదంటే నాకు భయం.

"నా ఆకేది?"

"ఏ ఆకు?"

"తెలియనట్టు అడక్కండి. నా పచ్చాకు. కుడుతుంటే తుమ్మొచ్చి కొస వంకరైందే, అది."

"విప్పించాను. దానికో లెక్క ఉంది, విను..."

"మన పెళ్లి విప్పించారా?"

"పెళ్లి కాదు మస్తూరా, దారం."

"అయితే పెళ్లెక్కడుందో చెప్పండి, వెళ్లి చూసొస్తాను. కాగితంలో ఉందా? కాగితం పోతే ఆఫీసులో ఇంకోటిస్తారు. ముల్లా గారి నోట్లో ఉందా? ఆయన పోయి ఎన్నాళ్లో అయింది. పెళ్లికి వచ్చినవాళ్లు పులావు తిని మర్చిపోయారు. ఆ పూట నేను నా చేత్తో చేసింది ఆ ఒక్క ఆకే. మిగతావన్నీ పెద్దవాళ్లు చేశారు."

నిజంగానే పెళ్లి ఎక్కడుంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మేది కాదు కదా.

ఆమె ఏడవలేదు. "దారాలున్నాయా?" అని మాత్రం అడిగింది. సీసా చూపించాను. దాన్ని తీసుకుని, కొంగుకింద పెట్టుకుని, వీధిలోకి వెళ్లింది.

పిండి పిసుకుతున్నవాళ్లు పిండి చేతులతో, బిడ్డకు పాలిస్తున్నవాళ్లు బిడ్డతో సహా మా పెరట్లోకి వచ్చేశారు. మస్తూరా సీసా తెరిచి మంచం మీద కుమ్మరించింది. గులాబీ, పచ్చ, ఎరుపు, ఊదా, అన్నీ ఒకదానికొకటి చిక్కుపడి, పిల్లి ఆడుకుని వదిలేసిన ఉండలా ఉన్నాయి.

"ఈ గులాబీది నాది."

"నీది ఎట్లా అవుతుంది? నువ్వు మా తర్వాత చేసుకున్నావు, అప్పటికి ఆ నైలాను బజార్లో లేదు."

"మా అన్న తాష్కెంట్ నుంచి తెచ్చాడు!"

"మీ అన్న తాష్కెంట్ నుంచి తెచ్చింది ఒక్క దగ్గు."

రానో అనే పిల్ల ఒక మూల నిలబడి గోళ్లు కొరుకుతోంది. దాని మొగుడు రష్యాలోని కజాన్‌లో కూలిపనికి వెళ్లాడు. "అందుకా అన్నా, మా ఆయన ఫోన్ చెయ్యటం లేదు?" అంది నాతో. "ఎప్పుడు విప్పించావు? ఏ రోజు?" చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని మొహం తెల్లబోయింది. "ఆ రోజు నుంచే," అంది.

నేను విప్పించింది బుఖారాలో, ఫోన్ ఆగింది కజాన్‌లో. ఈ రెంటికీ మధ్య ఏ లెక్కా నాకు దొరకలేదు. కానీ ఆ పిల్ల మొహం చూస్తే లేదని చెప్పడానికి నోరు రాలేదు.

అందరికంటే వెనకాల వచ్చింది గులందామ్. ఆమె మొగుణ్ణి వదిలేసి పుట్టింటికొచ్చేసింది. అందరూ ఆమెకు దారి ఇచ్చి పక్కకు జరిగారు.

"నా ఊదా దారం దొరికిందా?" అంది.

"దొరికింది, ఇదిగో," అని మస్తూరా ఇవ్వబోయింది.

"నాకెందుకు? మళ్లీ కుట్టొద్దని చెప్పడానికొచ్చాను. ఎన్నేళ్ల నుంచో ఎవరైనా పీకి పుణ్యం కట్టుకుంటారేమో అని చూస్తున్నాను. నేమత్ అన్నా, నీ చేతులకు మొక్కాలి." దారం తీసుకుని పొయ్యిలో పడేసి, చేతులు దులుపుకుని, అక్కడే కూచుని మిగతావాళ్లకు చిక్కులు విడదీసి పెట్టింది. ఆమె అంత బాగా చిక్కులు తీస్తుందని నాకు తెలియదు.

వాళ్లు కుట్టడం మొదలుపెట్టారు. ఎవరి చోటు ఎక్కడో ఎవరికీ గుర్తులేదు. ఒకామె నాది బాదం గింజ పక్కన అంటుంది, ఇంకొకామె అక్కడ నాది అంటుంది. కొందరికి పాత దారమే కావాలి. కొందరు దారం ఏదైతేనేం, చెయ్యి నాదే కదా అన్నారు. పోయినవాళ్ల ఆకులు వాళ్ల కోడళ్లు కుట్టారు. అలా కుట్టొచ్చా అని కాసేపు గొడవైంది, కుట్టకపోతే ఎలా అని కాసేపు గొడవైంది. మస్తూరా తన పచ్చాకు మళ్లీ వంకరగానే కుట్టింది. ఈసారి తుమ్ము లేదు, కావాలనే.

రానో మొగుడు ఆ వారంలోనే ఫోన్ చేశాడు. ఆకు కుట్టినందుకే అని సగం మంది అన్నారు. ఫోన్ పోగొట్టుకుని కొత్తది కొనడానికి డబ్బు పంపమని అడగడానికే చేశాడని రానో చెప్పాక కూడా వాళ్లు అదే మాట అన్నారు. రానో కూడా అదే అంది.

సీసా అడుగున ఒక పసుపు దారం మిగిలింది. ఎవరూ నాదని అనలేదు. చీటీకి చుట్టి జేబులో పెట్టుకున్నాను. దారం పారెయ్యడం నాకూ చేతకాదు.

నిజం చెప్పాలంటే ఆ పూట నాకు సంతోషంగానే ఉంది. వీధి చల్లబడింది, మూల నిండింది, సిరా గీత మూసుకుపోయింది. ఇప్పుడిది పలుమార్లు మార్పులు చేసిన ఇంటి బట్ట. మళ్లీ ఇస్మత్ సాయిదోవిచ్ గారి బల్ల మీద పరిచాను.

ఆయన అద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"మొన్న ఇది జాతి సంపద అన్నాను. మీరు దాని మీద కుట్టించారు. అంటే సంపదను పాడు చేశారు."

"పాడు చెయ్యలేదు సార్. పాడు చేసినదాన్ని బాగు చేశాను."

"విప్పడం పాడు చెయ్యడమా? కుట్టడం పాడు చెయ్యడమా?"

"మీరే చెప్పాలి. అందుకేగా వచ్చింది."

"ఈ కుట్లు పాతవా, కొత్తవా?"

"దారం పాతది. కుట్టింది మొన్న. కుట్టిన చేతులు పాతవే, కొన్ని మాత్రం కోడళ్లవి."

ఆయన కలం పట్టుకుని, పెట్టేసి, మళ్లీ పట్టుకున్నాడు. ఎందుకు కుట్టారో అడిగాడు. మొత్తం చెప్పాను. రానో సంగతి, గులందామ్ సంగతి, మా ఇంటావిడ అడిగినదీ చెప్పాను. వింటూ వింటూ ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"పొరపాటు నాదే," అన్నాడు. "గీత ఒక్కటే చూశాను. ఈ అలవాటు ఇంకెక్కడా లేదు. బట్టా సంపదే, ఈ ఆకులూ సంపదే, కుట్టే అలవాటూ సంపదే. ఇది దేశం దాటకూడదు. దీన్ని ఎవరూ మార్చకూడదు."

"మ్యూజియం కొంటుందా మరి?"

"కొనాలంటే ముందు ధర కట్టాలి. ఈ మూలను గీత కింద కట్టాలో, దారం కింద కట్టాలో, అలవాటు కింద కట్టాలో మాకు రూలు లేదు."

"అలవాటు సంపద అన్నారు. అంటే వచ్చే పెళ్లికి కూడా కుట్టాలి కదా సార్?"

"కుట్టాలి. కుట్టకపోతే అలవాటు చచ్చిపోతుంది."

"కుడితే బట్ట మారుతుంది కదా?"

"మారకూడదు."

"మరి?"

ఆయన కలానికి మూత పెట్టాడు. "టీ తాగుతారా?" అన్నాడు.

టీ అయ్యాక, బట్టను మార్చనని కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని ముద్ర వేశాడు. బయటికొచ్చి తెవ్ఫీక్‌కి ఫోన్ చేశాను. బేరం పోయిందని చెప్పడానికి మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది.

"పిచ్చివాడా," అన్నాడు. "అవి పెళ్లికూతుళ్లు కుట్టినవని ముందెందుకు చెప్పలేదు?"

"చెబితే ధర తగ్గిస్తావని."

"తగ్గించడమా! అది ఉండబట్టే మూడింతలు. ఆకులున్నాయా ఇప్పుడు?"

"ఉన్నాయి. అవే ఉన్నాయి. అంటే... అవే అనుకో."

"కాగితం లేకపోతే పోనీ. నాకు తెలిసిన లారీ ఒకటుంది, ఎండు ఆప్రికాట్ల బస్తాలు తోలుతుంది. అడుగు బస్తాలో ఏముందో ఎవడూ చూడడు. శుక్రవారం బయల్దేరుతుంది. ఆలోచించుకో."

ఆలోచించడానికేముంది? ఒక పక్కన నా ఏడాది పెట్టుబడి, దానికి మూడింతలు. ఇంకో పక్కన అమ్మలేని, మార్చకూడని, మార్చక తప్పని గుడ్డ. ఏ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అయినా నా చెయ్యి అటు పోవడం లేదు. ఎందుకో కూడా తెలియడం లేదు. ఆకు పోతే మస్తూరా మళ్లీ కుట్టుకుంది కదా, బట్ట పోతే ఇంకో బట్ట మీద కుట్టుకోలేరా అని ఒకసారి అనిపించేది. అరుగు మీద దాన్ని చూస్తే కుట్టుకోలేరనిపించేది. నేను కొన్నది గీతనా, దారాన్నా, చేతుల్నా అనేది తేలితే కదా, అమ్మాలో వద్దో తేలేది.

ఇంతలో సలామత్ పెద్దమ్మ మక్కా నుంచి తిరిగొచ్చింది. బ్రతుకుజీవుడా అనుకున్నాను. అసలు మనిషి వచ్చింది, ఇక ఆమే తేలుస్తుంది. ఖర్జూరాలు, చిన్న సీసాలో అక్కడి పవిత్ర బావి జమ్‌జమ్ నీళ్లు ఇచ్చింది. జరిగిందంతా చెప్పి, ఆ మూల ఎందుకు ఖాళీగా వదిలారో అడిగాను.

"మా అమ్మ తన పెళ్లికి కుట్టుకుంది. చిన్నప్పుడు నేనూ అడిగాను. మొత్తం నింపేస్తే పెళ్లికూతురి ఆయుష్షు అక్కడితో ఆగిపోతుంది, అందుకే వదిలానంది."

"అదే కదా అందరూ చెప్పేది."

"నేను పెద్దయ్యాక ఇంకోసారి అడిగాను. యుద్ధం రోజులు, ఎర్రపట్టు అయిపోయింది, దొరకలేదు అంది."

"ఏది నిజం పెద్దమ్మా?"

"రెండూ మా అమ్మే కదరా చెప్పింది. ఏది అబద్ధమని చెప్పను?"

"మరి ఆకులు?"

"ఖాళీ మూల చూసి మా నాయనమ్మ నవ్విందట. అమ్మకు రోషమొచ్చి, ఆ ఇంటికి ఏ కొత్త పెళ్లికూతురొచ్చినా సూది చేతిలో పెట్టి ఒక ఆకు కుట్టించుకునేది. కూలి ఇవ్వక్కర్లేదుగా." పెద్దమ్మ పళ్లు లేని నోటితో నవ్వింది.

జేబులోంచి పసుపు దారం తీసి చూపించాను. "ఇదొక్కటే మిగిలింది. నీదేనా?"

చేతిలోకి తీసుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

"నాది ఎరుపనుకుంటాను. ఏమో. ఆ రోజు చేతులు ఎంత వణికాయో గుర్తుంది, రంగు గుర్తులేదు. పెళ్లికొడుకు మొహం కూడా మర్నాడే సరిగ్గా చూశాను." దారం మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "నాది కాకపోయినా నాదంటే ఇంకొకరి ఆకు లాక్కున్నట్టవుతుంది. నీ దగ్గరుంచు."

"నేనిప్పుడు బట్టను ఏం చెయ్యను?"

"నన్నడుగుతావేం? నేను అమ్మేశాను. నీది." ఖర్జూరం గింజ ఉమ్మేసి, "శుక్రవారం మన వీధి మవ్‌జూదా కూతురి పెళ్లట. అడగడానికొస్తారు. నువ్వు మాటిచ్చావు," అని వెళ్లిపోయింది.

శుక్రవారం లారీ. శుక్రవారమే పెళ్లి.

మవ్‌జూదా వచ్చి అడిగింది. పక్కనే మస్తూరా నా మొహంలోకి చూస్తోంది. పెళ్లి మధ్యాహ్నం, లారీ సాయంత్రం అని మనసులో లెక్క వేసుకుని సరేనన్నాను. ఆకు మాత్రం కుట్టించొద్దని, కాగితం మీద సంతకం పెట్టానని చెప్పాను. మవ్‌జూదా విని తల ఊపింది. ఆ ఊపులో సరే ఉందో వద్దు ఉందో తెలియలేదు.

పెళ్లినాడు వీధి నిండా పొడుగు బూరాల మోత. మవ్‌జూదా కూతురు నిగీనా తెల్లటి గౌనులో గడప దగ్గర నిలబడింది. సూజనీ కొసలు ఆడపిల్ల వైపు ఇద్దరు, మగపిల్లాడి వైపు ఇద్దరు పట్టాలి. మగపిల్లాడి వైపు నుంచి ఒకామె చెప్పు మడమ విరిగి కారు దగ్గరే ఆగిపోయింది. బట్ట ఒక పక్క నేలకు జారుతోంది.

"నేను పట్టనా?" అంది గులందామ్.

"నువ్వా! మొగుణ్ణి వదిలినదానివి!" అంది గుంపులో ఒకామె.

"అందుకే కదా చేతులు ఖాళీగా ఉన్నాయి."

నవ్వులు. ఆ గోలలో పెళ్లికొడుకు మేనమామను ముందుకు తోశారు. ఆయన గబగబా వచ్చి జారుతున్న కొస అందుకున్నాడు. తలెత్తి చూస్తే ఇస్మత్ సాయిదోవిచ్ గారు. ఆయన పట్టుకున్నది కింద కుడి మూల. ఆయన కూడా అప్పుడే చూసుకున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మవ్‌జూదా సూది తీసి కూతురి చేతిలో పెట్టింది. "దారం?" అంది పిల్ల. మవ్‌జూదా జాకెట్టు తడుముకుంది, సంచీ తడుముకుంది. "అయ్యో, ఎర్రపట్టు కొని బల్ల మీద పెట్టాను!" ఎవరో పరుగెత్తారు. బూరాలవాళ్లు ఊపిరి ఆపలేక మోగిస్తూనే ఉన్నారు.

అదే సమయంలో నా జేబులో ఫోన్ మోగింది. తీయబోతే వేళ్లకు చీటీ తగిలింది. పసుపు దారం. ఎందుకిచ్చానో అడగొద్దు. ఖాళీ సూది చూస్తే దారం ఇవ్వాలనిపించింది, అంతే. ఇచ్చేశాను. సలామత్ పెద్దమ్మ గుంపులోంచి చూస్తోంది. ఆమె అవునన్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

"నేమత్ గారూ," అన్నాడు ఇస్మత్ సాయిదోవిచ్ నా చెవి దగ్గర, "ఆ దారం పాతదా, కొత్తదా?"

"తెలియదు సార్."

"ఎవరిది?"

"అదీ తెలియదు."

"మీరు సంతకం పెట్టారు."

"మీరు ముద్ర వేశారు. పట్టుకున్నది కూడా మీరే."

ఆయన బట్ట వదిలెయ్యబోయాడనిపించింది. వదల్లేదు.

"మామయ్యా, కొంచెం పైకి పట్టుకోండి, అందడం లేదు," అంది నిగీనా సూది పట్టుకుని.

ఆయన పైకి ఎత్తి, మూల కదలకుండా రెండు చేతులా బిగించి పట్టాడు. సూది గుచ్చిన చోటు నుంచి చూపు తిప్పలేదు.

ఫోన్ ఇంకా మోగుతోంది. చెవికి పెట్టుకున్నాను.

"బండి సాయంత్రం దాకా ఆగదట, ఇంజన్ ఆన్‌లో ఉంది," అని తెవ్ఫీక్ అరిచాడు. "నీ వీధి చివర ఆపమన్నాను. బట్ట వస్తోందా, లేదా? ఒక్క మాట చెప్పు."

చెప్పడానికి నోరు తెరిచాను. ఏ మాట వస్తుందో నాకూ తెలియలేదు.

"ఇంకా కుడుతున్నారు," అన్నాను.

"ఏమిటీ?"

బూరాల మోతలో నా మాట నాకే సరిగా వినబడలేదు. ఫోన్ కట్ చేసి జేబులో పెట్టేసి, బట్ట బరువుకు ఇస్మత్ సాయిదోవిచ్ గారి చేతులు కిందికి దిగుతుంటే నేనూ ఆ మూల కింద చెయ్యి పెట్టాను.